బోర్లా ఒకటి, వెల్లకిలా ఒకటి

ఆవిడకు నిదానం అనే పేరు ల్యాబులో పెట్టారు. పెట్టినవాళ్ళు ఎప్పుడో ఉద్యోగాలు మారి వెళ్ళిపోయారు, పేరు మాత్రం అతుక్కుపోయింది. కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబు అది. డాక్టర్లు నోటి అచ్చులు తీసి పంపిస్తే వీళ్ళు వాటిలో ప్లాస్టర్ పోసి, ఆ ప్లాస్టర్ చిగుళ్ళ మీద మైనం పరిచి, మైనంలో ఒక్కొక్క పన్నూ నాటి, చివరికి నవ్వడానికీ నమలడానికీ పనికొచ్చే సెట్టుగా తయారుచేసి పంపాలి. పక్కవాళ్ళు రెండు సెట్లు ముగించేలోపు నిదానం ఒకటి చేసేది. కానీ ఆవిడ చేసిన సెట్టు బిగుతుగా ఉందనో, గుచ్చుకుంటోందనో వెనక్కి వచ్చింది లేదు. ఎవరైనా సణిగితే ల్యాబు ఓనరు "నిదానమే ప్రధానం" అని ఆవిడను వెనకేసుకొచ్చేవాడు. ఆ మాట ఇంటికొచ్చి చెబితే పిన్ని వెంటనే అందుకుంది.

"ఆ ప్రధానమే కదమ్మా మనింట్లో జరగంది. నలభై ఏడు దాటాయి నీకు."

పిన్ని అంటే తల్లికి స్వయానా చెల్లెలు. నిదానానికి ఊహ తెలిసీ తెలియని వయసులో తల్లీ తండ్రీ పోతే తెచ్చి పెంచుకుంది. నాటకాల కంపెనీలో దుస్తులు కుట్టేది. రాజులకు అంగరఖాలు, దయ్యాలకు ముసుగులు, ముసలి పాత్రలు వేసే కుర్రాళ్ళకు దూది కుక్కిన బొజ్జలు. పెళ్ళి చేసుకోలేదు. ఇప్పుడు డెబ్భై దాటింది. మోకాళ్ళు అరిగాయి గానీ నాలుక అరగలేదు. ఇద్దరూ ఐదో అంతస్తులో, రెండు గదుల ఇంట్లో, ఒకరి దగ్గుకి ఇంకొకరు లేచేంత దగ్గరగా బతుకుతూ వచ్చారు.

ఆ బిల్డింగుకి ఒక పాత లిఫ్టు. జాలీ తలుపు, పసుపు దీపం, ఎక్కిన ప్రతిసారీ ఒకసారి మూలిగి గానీ కదలదు. ఒక సాయంత్రం నిదానం ల్యాబు నుంచి వస్తుంటే అది మూడుకీ నాలుగుకీ మధ్య ఆగిపోయింది. చేతిలో ఒక అట్టపెట్టె. మర్నాడు పొద్దున్నే డాక్టరుకి అందజేయాల్సిన సెట్లు అందులో ఉన్నాయి. పైనుంచి పిన్ని జాలీకి నోరు ఆనించి ధైర్యం చెప్పింది. "భయపడకు. గాలి తక్కువ పీల్చు. మాట్లాడకు, మాట్లాడితే గాలి అయిపోతుంది. వింటున్నావా? ఏం, పలకవే?"

కుదుపుకి సెట్లు ఏమైనా దెబ్బతిన్నాయేమోనని నిదానం నేల మీద కూర్చుని పెట్టె తెరిచి చూసుకుంటోంది. అప్పుడే పైన తలుపు కిర్రుమని విడిపోయి, నూనె మరకల చొక్కా వేసుకున్న ఒక మనిషి వంగి లోపలికి చూశాడు. ఆయనకు ముందు కనిపించింది ఆవిడ కాదు. పెట్టెలో వరసగా నవ్వుతున్న పళ్ళు.

ఆయన కాసేపు చూసి, "లోపల మొత్తం ఎంతమంది ఉన్నారండీ?" అన్నాడు.

నిదానం నవ్వు ఆపుకోలేకపోయింది. చెయ్యి పట్టుకుని పైకి లాగుతున్నప్పుడు కూడా నవ్వుతూనే ఉంది. అలా మొదలైంది.

ఆ తర్వాత ఆ లిఫ్టుకి జరిగినంత సేవ ఊళ్ళో ఏ లిఫ్టుకీ జరిగి ఉండదు. నూనె వేయాలని ఒకసారి, తాళ్ళు చూడాలని ఒకసారి, ఏమీ లేకపోయినా ఏమీ లేదని చూసుకోవడానికి ఒకసారి వచ్చేవాడు లిఫ్టాయన. పిన్ని పెట్టిన పేరది. భార్య పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. తక్కువ మాట్లాడతాడు, పనిచేస్తున్నప్పుడు మాత్రం గొంతులో ఏదో రాగం తిప్పుకుంటూ ఉంటాడు. నిదానం ల్యాబు నుంచి వచ్చే వేళకి ఆయన పని పూర్తయ్యేది. ఇద్దరూ కలిసి పార్కు దాకా నడిచేవాళ్ళు. ఒకరోజు బెంచీ మీద కూర్చుని, చేతుల వైపు చూసుకుంటూ ఆయన చెప్పేశాడు.

"మనం పెళ్ళి చేసుకుందామండీ. మా ఇంటికి వచ్చేయండి. ఒక్కణ్ణే ఉంటే ఇల్లు పెద్దదైపోతోంది."

"ఆలోచించి చెబుతాను" అంది నిదానం.

"తొందరేం లేదు" అన్నాడాయన. ఆ మాట నిదానంతో అనకూడదని ఆయనకు అప్పటికింకా తెలియదు.

వారాలు గడిచాయి. ఆవిడ ఆలోచిస్తూనే ఉంది. ఆలోచన అంటే నిజానికి ఒకే చోట గుండ్రంగా తిరగడం. పిన్నిని ఎవరు చూసుకుంటారు? మందులు ఎవరు గుర్తుచేస్తారు? తన కోసం పెళ్ళే మానుకున్న మనిషిని ముసలితనంలో వదిలేసి, తను పెళ్ళి చేసుకుని వెళ్ళడమా? ఆ ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి ఆలోచన తెగిపోయేది. మళ్ళీ మొదటికి వచ్చేది. ఈ ముడి సంగతి పిన్నితో చెప్పలేదు. లిఫ్టాయన అడిగిన సంగతి కూడా చెప్పలేదు.

పరధ్యానం చివరికి చేతుల్లోకి దిగింది. ఒకరోజు మైనంలో పళ్ళు నాటుతూ ఎడమ కోరపన్ను కుడివైపు పెట్టేసింది. పక్క బల్ల దగ్గరి పింగాణీ అక్క అది చూసింది.

పింగాణీ అక్క ల్యాబులో అందరికన్నా పెద్దది. ఆవిడ చిన్నప్పుడే చైనా నుంచి వచ్చేసిన కుటుంబం వాళ్ళది. పింగాణీ పొడిని నీళ్ళలో కలిపి, సన్నని కుంచెతో పొర మీద పొర వేసి, కొలిమిలో కాల్చి, అసలు పన్నో కట్టుడు పన్నో తెలియకుండా చేయడం ఆవిడ పని. మాట్లాడేటప్పుడు కూడా కుంచె ఆపదు.

"ఆ నోటికి కుడివైపు కూడా ఎడమే అయింది" అంది, తల ఎత్తకుండానే. "ఏమైంది అమ్మాయ్?"

నిదానం కోరపన్ను పీకి పక్కన పెట్టింది. తర్వాత, ఎవరికీ చెప్పని సంగతంతా ఆవిడకు చెప్పేసింది. సగం చెప్పి ఆపుదామనుకుంది గానీ, మైనం వేడెక్కాక జారినట్టు మాట జారుతూనే పోయింది. పింగాణీ అక్క అంతా విని, ఏమీ సలహా ఇవ్వలేదు. మర్నాడు ఒక గుడ్డసంచీ తెచ్చి బల్ల మీద పెట్టింది.

అందులో రెండు చెక్క ముక్కలు ఉన్నాయి. వెదురు వేరుతో చెక్కినవి. ఒక్కొక్కటీ అరచేతిలో పట్టేంత, నెలవంక ఆకారం, ఒకవైపు చదును, ఒకవైపు ఉబ్బు. ఒకప్పటి ఎర్రరంగు చేతుల తడికి అరిగి, అంచుల్లో మాత్రం మిగిలింది. నిదానం వాటిని తిప్పి చూసింది. పని చేసిన చెయ్యి మంచి చెయ్యి అని వెంటనే తెలిసిపోయింది.

"మా అమ్మమ్మవి" అంది పింగాణీ అక్క. "మా వాళ్ళు గుళ్ళో దేవుడి ముందు మోకరిల్లి, ఊరూ పేరూ చెప్పుకుని, ప్రశ్న అడిగి వీటిని నేల మీద వేస్తారు. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే అవును. రెండూ బోర్లా పడితే కాదు."

"రెండూ వెల్లకిలా పడితే?"

"నవ్వు." అక్క రెండిటినీ ఉబ్బు కిందికి వచ్చేలా బల్ల మీద పెట్టి వేలితో తట్టింది. అవి పొట్ట పట్టుకుని నవ్వుతున్న మనుషుల్లా అటూ ఇటూ ఊగాయి. "దేవుడు నవ్వుతున్నాడని అర్థం. నీ ప్రశ్న సరిగ్గా లేదు, లేదా జవాబు నీకు తెలిసే అడుగుతున్నావు, మళ్ళీ ఆలోచించుకుని రా అని."

"మీరు నమ్ముతారా అక్కా?"

పింగాణీ అక్క ఆ రోజు మొదటిసారి కుంచె కింద పెట్టింది. "అమ్మమ్మకు చెప్పేది దేవుడే. నాకు అంత నమ్మకం లేదు, కొట్టిపారేసేంత ధైర్యమూ లేదు. నేను ఇంట్లో కిటికీ ముందు కూర్చుని వేస్తాను. అవి చెప్పింది ఒకసారి వింటాను. అవి పడగానే నా గుండె ఏం చేసిందో, అది మాత్రం బాగా వింటాను. పని నడిపించేది అదే. తీసుకెళ్ళు. అక్కర్లేదనిపించాక తెచ్చివ్వు. ఒక్కటి గుర్తుపెట్టుకో, ప్రశ్న పైకి అనాలి. మనసులో అనుకుంటే మనసు మోసం చేస్తుంది."

ఆదివారం మధ్యాహ్నాలు పిన్ని రెండో అంతస్తులో పేకాటకి వెళుతుంది. ఆ ఆదివారం తలుపు మూసుకున్న చప్పుడు వినగానే నిదానం కిటికీ ముందు చాప వేసుకుని కూర్చుంది. తన పేరు చెప్పింది. ఇంటి నంబరు చెప్పింది. ఖాళీ గదిలో తన గొంతు తనకే కొత్తగా వినిపించి సిగ్గేసింది. వంటింట్లో పంపు బొట్లు బొట్లుగా కారుతోంది. లేచి దాన్ని బిగించి వచ్చి, మళ్ళీ పేరు చెప్పి మొదలుపెట్టింది.

"పిన్నిని వదిలి వెళ్ళొచ్చా?"

వేసింది. రెండూ వెల్లకిలా పడి ఊగాయి. నవ్వు.

సరే, ప్రశ్న బాగాలేదేమో. "నేను లేకుండా పిన్ని ఉండగలదా?"

మళ్ళీ నవ్వు. ఒకటి ఊగడం ఆగినా రెండోది చాలాసేపు ఊగుతూనే ఉంది. ఆవిడకు కాస్త కోపం కూడా వచ్చింది. ఇంత బాధతో అడిగితే ఇకిలింపులేమిటి అనుకుంది. తర్వాత ఆ చెక్కల్ని చూస్తూ కూర్చుంటే మెల్లగా తట్టింది. పిన్ని ఉండగలదో లేదో పిన్నిని కదా అడగాలి? చాప మీద కూర్చున్నది పిన్ని కాదు. పేరు తనది చెప్పి, ప్రశ్న ఇంకొకరిది అడుగుతోంది.

అప్పటినుంచి అదొక అలవాటు అయింది. ఆదివారమే కాదు, పిన్ని స్నానానికి వెళ్ళినప్పుడు, పక్కింటికి కబుర్లకి వెళ్ళినప్పుడు ఆ చాప పరుచుకునేది. చాలాసార్లు చెక్కలు వేయనే వేయలేదు. ప్రశ్న ఎలా అడగాలో వెతుక్కోవడంతోనే సమయం అయిపోయేది. వెతుక్కుంటుంటే ఒక విచిత్రం బయటపడింది. 'నాకు' అనే మాటతో ఒక ప్రశ్న కూడా నోటికి రావడం లేదు. పిన్నికి, ఆయనకి, ల్యాబుకి, బిల్డింగు వాళ్ళకి... అందరికీ ఏమవుతుందో అడగగలుగుతోంది. 'నాకు' దగ్గరికి వచ్చేసరికి నాలుక మొద్దుబారుతోంది. అదేదో పన్ను లేని చోట నాలుకతో తడుముకున్నట్టు ఉండేది.

ఒకరోజు అడగగలిగింది.

"నేను ఆయన ఇంటికి వెళ్ళాలా?"

రెండూ బోర్లా పడ్డాయి. కాదు.

అక్క చెప్పినట్టు గుండె మాట విన్నది. బిగుతు చెప్పులు విప్పి కాళ్ళు నేల మీద పెట్టినంత హాయిగా ఉంది. ఆ హాయి చూసి హడలిపోయింది. అంటే ఆ మనిషి తనకు అక్కర్లేదా? ఇన్నాళ్ళూ పిన్ని పేరు చెప్పుకుని తప్పించుకుంటోందా? చెక్కల్ని సంచీలో పెట్టేసి, కొన్నాళ్ళు ఆ వైపు పోలేదు.

కానీ ఆలోచన ఆగలేదు. ఆయన ఇల్లు కళ్ళముందు తిరగడం మొదలుపెట్టింది. ఒకే ఒక్కసారి వెళ్ళింది ఆ ఇంటికి. శుభ్రమైన ఇల్లు. పోయినావిడ పెట్టిన చోటే గరిటెలు. ఆవిడ కుట్టిన దిండుగలీబులు. బాల్కనీ నిండా ఆవిడ నాటిన మొక్కలు, ఒక్కటి కూడా ఎండిపోకుండా ఆయన కాపాడుతున్నాడు. సోఫాలో కూర్చోబోతే ఆయన "అక్కడ కాదు" అనబోయి, నాలుక కరుచుకుని, "కూర్చోండి, కూర్చోండి" అన్నాడు. నిదానం కూర్చుంది గానీ ఉన్నంతసేపూ వీపు ఆనించలేదు. ఎవరిదో పళ్ళ సెట్టు తన నోట్లో పెట్టుకున్నట్టు అనిపించింది. ఎంత చక్కగా చేసినదైనా కానీ, అది వేరే నోటి కొలత.

మళ్ళీ చాప వేసుకుని కూర్చుంది. పేరు చెప్పింది. చెక్కలు రెండు అరచేతుల మధ్య పెట్టుకుంది.

"ఆయన నాకు కావాలా?"

వేయడానికి చేతులు విప్పబోయి ఆగిపోయింది. వేయాల్సిన పని కనిపించలేదు. లిఫ్టు జాలీలోంచి వంగి చూసిన మొహం, పార్కులో తన నిదానం నడకకు తగ్గట్టు అడుగు చిన్నది చేసుకునే ఆ మనిషి, గొంతులో తిరిగే ఆ పేరు లేని రాగం. కావాలి. చాలా కావాలి. ఇంత సూటిగా ఏదీ కావాలనుకున్నట్టు ఆవిడకు గుర్తులేదు. చెక్కల్ని అలాగే ఒడిలో పెట్టుకుని కాసేపు కళ్ళు తుడుచుకుంది.

సరిగ్గా ఆ వారమే పిన్ని పేకాట నుంచి మామూలుకన్నా ముందే తిరిగొచ్చింది.

"కింది ఫ్లాటావిడ అడుగుతోంది, మనింట్లో నేను లేనప్పుడల్లా ఏదో టకటక కొడుతున్నారట. గోడకు మేకులా, నేల తవ్వకాలా అని. నేను లేకుండా నువ్వు ఏం కొడుతున్నావే?"

నిదానానికి అబద్ధం చెప్పడం రాదు. వచ్చినా పిన్ని దగ్గర చెల్లదు. సంచీ తెచ్చి చెక్కలు చూపించింది. బోర్లా, వెల్లకిలా, నవ్వు అన్నీ వివరించింది. పిన్ని కళ్ళద్దాలు సర్దుకుని వాటిని పరిశీలించి, కుర్చీలోంచే కిందికి వేసి, "వచ్చే వారం రెండో అంతస్తు దాన్ని పేకాటలో ఓడిస్తానా?" అని అడిగింది. నవ్వు పడింది.

"ఇదేదో తెలివైనదే" అని ఒప్పుకుంది పిన్ని. "సరే. ఇప్పుడు నువ్వు దేని గురించి అడుగుతున్నావో చెప్పు. లిఫ్టాయన గురించేనా?"

"నీకెలా తెలుసు?"

"ఒక లిఫ్టుని అన్నిసార్లు బాగుచేసేవాడు చేతకానివాడైనా అయుండాలి, ప్రేమలోనైనా పడుండాలి. ఆయన చేతకానివాడు కాదు."

నిదానం కింద చాప మీదే కూర్చుండిపోయి, తల పిన్ని మోకాలికి ఆనించింది. "పెళ్ళి చేసుకుందాం అన్నాడు పిన్నీ. నిన్ను వదిలి ఎలా వెళ్ళను? నా కోసం నువ్వు పెళ్ళే మానుకున్నావు."

కాసేపటికి పిన్ని పొట్ట కదలడం నిదానానికి తెలిసింది. తలెత్తి చూస్తే, నవ్వు.

"నీ కోసం అని ఎవరు చెప్పారు?"

"అందరూ చెప్పారు. మీ నాటకాల కంపెనీ మేకప్ మేనేజరు పెళ్ళికి అడిగితే, పిల్ల ఉంది నేను చేసుకోను అన్నావని..."

"అన్నాను. ఏదో ఒకటి అనాలి కదా. ఆయన మంచివాడేనే, కానీ నవ్వితే గుర్రం తుమ్మినట్టు ఉండేది. నాటకంలో జోకు పడ్డప్పుడల్లా నేను తెర వెనక చెవులు మూసుకునేదాన్ని. జీవితమంతా ఆ తుమ్ము వినాలా? పిల్ల ఉంది అన్నాను. మర్యాదగా ఉంటుంది, ఆయన మనసు నొచ్చుకోదు. ఊరంతా నన్ను త్యాగమూర్తి అంది. బాగానే ఉంది కదా అని ఊరుకున్నాను." పిన్ని నిదానం తల మీద చెయ్యి వేసింది. "నువ్వు దాన్ని ఇంత బరువుగా మోస్తున్నావని తెలిస్తే ఎప్పుడో చెప్పేదాన్ని. పిచ్చిదానా, నిన్ను నేను ఇష్టపడి పెంచుకున్నాను. వదులుకున్నదేం లేదు."

నిదానానికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. రెండూ చేసింది.

"ఇంకో సంగతి కూడా చెబుతాను" అంది పిన్ని. "నువ్వు వెళ్ళడం నాకు ఇష్టమా అంటే, లేదు. దాచను. సాయంత్రం నీ తాళంచెవి చప్పుడు వినిపించకపోతే నాకు అన్నం దిగదు. కానీ అది నా సంగతి. నీ సంగతి నువ్వు చూసుకో. నా సంగతి కూడా నువ్వే చూసుకుంటే నాకింక పనేముంది?"

మర్నాడు ల్యాబు నుంచి నిదానం నేరుగా లిఫ్టాయన పనిచేస్తున్న చోటికి వెళ్ళింది. ఊరి మధ్యలో ఒక ఆఫీసు బిల్డింగు. పై కప్పు మీద ఇనుప మెట్లెక్కితే మోటారు గది. ఆయన పెద్ద చక్రం పక్కన గొంతుక్కూర్చుని తాళ్ళకు గ్రీజు రాస్తున్నాడు. ఆవిడను చూసి లేచి నిలబడి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గాలిలో పట్టుకున్నాడు.

ఆవిడ మెట్లెక్కిన ఆయాసం తీరకముందే చెప్పేసింది. ఆగితే మళ్ళీ నిదానం అయిపోతానని భయం.

"నాకు మీరు కావాలి. మీ ఇల్లు వద్దు."

చక్రం ఒకసారి తిరిగి ఆగింది. కింద ఎవరో ఎక్కడో దిగారు.

"అది ఆవిడ ఇల్లు" అంది నిదానం. "ఆవిడ మీద నాకు కోపమేమీ లేదు. మొక్కలన్నీ బతికి ఉండడం చూస్తే నాకు మీ మీద గౌరవం పెరిగింది. కానీ అక్కడ నేను ఎప్పటికీ చుట్టాన్నే. మీరు మా ఇంటికి రాగలరా? చిన్నదే. పిన్ని ఉంటుంది. పిన్ని నోరు కూడా ఉంటుంది."

ఆయన గుడ్డతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు. తుడుచుకోవడం అయిపోయాక కూడా తుడుచుకుంటూనే ఉన్నాడు. చివరికి, "నేను దాని గురించి ఎప్పుడూ ఆలోచించలేదండీ" అన్నాడు. "నాకు కాస్త టైము కావాలి."

"తొందరేం లేదు" అంది నిదానం.

ఆయన రావడం మానేశాడు. లిఫ్టు ఒకసారి మళ్ళీ ఆగిపోతే, కంపెనీ ఎవరో వేరే మనిషిని పంపింది. ఆ మనిషి పని ముగించి, జాలీ మీద నూనె వేళ్ళ ముద్రలు వదిలి వెళ్ళాడు. పిన్ని గుడ్డ తెచ్చి ఆ ముద్రలు తుడుస్తూ, ఆ కొత్తవాడి ఏడు తరాలనీ తిట్టింది. నిజానికి తిడుతున్నది అతన్ని కాదని నిదానానికి తెలుసు. ల్యాబులో పళ్ళు నాటుతూ ఉండేది, ఒక్కటి కూడా తప్పు పెట్టలేదు. బాధగా ఉంది. చెప్పినందుకు మాత్రం ఒక్కరోజూ పశ్చాత్తాపం రాలేదు. ఆ సంగతి తనకే ఆశ్చర్యం.

ఒక శనివారం పొద్దున, పిన్ని కళ్ళద్దాలు వెతుక్కుంటుండగా బెల్లు మోగింది. లిఫ్టాయన. ఉతికిన చొక్కా, తడి తల. లిఫ్టులో కాక మెట్లెక్కి వచ్చినట్టు ఊపిరి ఎగపోస్తున్నాడు.

పిన్ని ఆయనను కూర్చోమని, నీళ్ళిచ్చి, తను మాత్రం గదిలోకి వెళ్ళలేదు. కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చుంది.

ఆయన గ్లాసు పట్టుకునే చెప్పాడు. "రోజూ అనుకున్నానండీ. ఆ ఇంట్లోంచి వెళ్ళిపోతే మా ఆవిడని రెండోసారి పోగొట్టుకున్నట్టు అవుతుందేమోనని. అందుకని మీరు రావడమే సులువనుకున్నాను. మీకది ఎలా ఉంటుందో ఆలోచించలేదు. తప్పో ఒప్పో ఇప్పటికీ తేలడం లేదు."

పిన్ని లేచి వెళ్ళి గుడ్డసంచీ తెచ్చి ఆయన ముందు పెట్టింది. "ఇదిగో. ఊరూ పేరూ చెప్పి అడుగు."

"పిన్నీ" అంది నిదానం.

"ఉండు. మనిషికి అడుగుదామని ఉంది, అడగనీ."

సంగతి ఏమిటో నిదానం చెప్పింది, అక్క చెప్పినట్టే. ఆయన శ్రద్ధగా విన్నాడు. యంత్రం ఎలా పనిచేస్తుందో వింటున్నవాడిలా. తర్వాత కింద కూర్చుని, పేరు చెప్పి, ఇంటి అడ్రసు చెప్పాడు.

"ఆ ఇల్లు వదిలి నేను ఇక్కడికి రావాలా?"

చెక్కలు నేల మీద పడి దొర్లి ఆగాయి. రెండూ బోర్లా.

నిదానం ఆ ఎర్ర అంచుల వైపు చూస్తూ ఉండిపోయింది. పిన్ని వంగి వాటిని తీయబోయింది, అక్కడ లేనట్టు చేసేద్దామని కాబోలు. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"లేదండీ" అన్నాడు చెక్కలతో. వాటితోనే మాట్లాడాడు, మర్యాదగా, కానీ గట్టిగా. "అది కాదు. నేను ఒప్పుకోను."

తర్వాత తనేం అన్నాడో తనకే వినిపించినట్టు తలెత్తి నిదానం వైపు చూశాడు. ఆ మొహంలోకి ఎక్కడినుంచో వెలుతురు వచ్చింది. "చూశారా? నేను వస్తాను. వచ్చేస్తాను."

"నెమ్మది" అంది పిన్ని. "ఈ వయసులో ఇల్లరికమా నాయనా. నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి?"

"బాగానే ఉన్నాయి పిన్నిగారూ."

"అయితే సరే. ఇంట్లో ఒకళ్ళవైనా బాగుండాలి."

పెళ్ళి రిజిస్ట్రారు ఆఫీసులో జరిగింది. సాక్షి సంతకం పింగాణీ అక్క పెట్టింది. ఆ రోజే నిదానం గుడ్డసంచీ ఆవిడ చేతికి తిరిగి ఇచ్చింది. "చివరికి ఇవి ఏం చెప్పాయి?" అని అడిగింది అక్క. "వద్దన్నాయి" అంది నిదానం. అక్క పక్కనున్న పెళ్ళికొడుకుని ఎగాదిగా చూసి, "మంచి చెక్కలే. మా అమ్మమ్మకు కూడా ఒకసారి ఇలాగే పెళ్ళి చేశాయి" అని సంచీ భుజాన వేసుకుంది.

ఆయన ఇల్లు వెంటనే అమ్మలేదు. పోయినావిడ చెల్లెలి కూతురు ఉద్యోగానికని ఊరికి వస్తే ఆ పిల్లకు అప్పగించారు. మొక్కల బాధ్యత కూడా ఆ పిల్లదే. అయినా కొన్ని వారాలు ఆయన నీళ్ళు పోయడానికి వెళ్ళివస్తూనే ఉన్నాడు. నిదానం వద్దనలేదు. ఒకసారి తనూ వెంట వెళ్ళింది. ఆ సోఫాలో వీపు ఆనించి కూర్చోవడం అప్పుడు పెద్ద కష్టం అనిపించలేదు.

ఆయన సామాను దిగిన రోజు అల్మారా ఎక్కడ పెట్టాలన్న దాని మీద ముగ్గురికీ మాట కలవలేదు. పిన్ని కిటికీ పక్కన అంది, నిదానం వెలుతురు పోతుంది అంది, ఆయన ఎక్కడైనా పరవాలేదు అన్నాడు. ఎక్కడైనా అనేవాళ్ళతోనే అసలు చిక్కు అని పిన్ని ఆయన మీద విరుచుకుపడింది. మధ్యాహ్నానికి అది తలుపు వెనక్కి చేరింది. తలుపు పూర్తిగా తెరుచుకోవడం మానేసింది, ఒకళ్ళు పక్కకి ఒదిగితే గానీ ఇంకొకళ్ళు లోపలికి రాలేరు. రేపు మళ్ళీ జరుపుదాం అన్నాడాయన. అని, అలిసిపోయి కుర్చీలోనే నిద్రపోయాడు. పిన్ని కాసేపు ఆయన ఊపిరి చప్పుడు శ్రద్ధగా విన్నది.

"గురక లేదు" అంది మెల్లగా, నిదానంతో. "అదృష్టవంతురాలివి." రేడియో గొంతు తగ్గించి, ఆయన ఒళ్ళోంచి జారిపోతున్న స్క్రూడ్రైవరు తీసి బల్ల మీద పెట్టింది.